ఓటు నడిచిన దారి – 14: ధర్మపురికి రావలసిన రెండు

2014 మే 16 మధ్యాహ్నానికల్లా తమిళనాడు లెక్క తేలిపోయింది. 39 లోక్‌సభ స్థానాల్లో 37 జయలలిత పార్టీ ఖాతాలో పడ్డాయి. డీఎంకేకి దాదాపు 96 లక్షల మంది ఓటేశారు. అంటే నూటికి 23 మందికి పైమాటే. ఆ పార్టీకి దక్కిన సీట్లు సున్న. మిగిలిన రెండు సీట్లలో ఒకటి దక్షిణపు కొసన కన్యాకుమారి, అది బీజేపీకి పోయింది. రెండోది ధర్మపురి. అక్కడ పాట్టాళి మక్కళ్ కట్చి, అదే పీఎంకే, అభ్యర్థి అన్బుమణి రామదాస్ 77 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి పడ్డవి నాలుగున్నర శాతం లోపు ఓట్లు. 23 శాతానికి సున్న, నాలుగున్నరకు ఒకటి!

ఓటు హక్కు ఎవరికి, ఎప్పుడు, ఎంత పోరాటం మీద వచ్చిందో ఇన్ని వారాలుగా చెప్పుకుంటూ వచ్చాం. చేతికొచ్చిన ఆ ఓటు పెట్టెలో పడ్డాక ఏమవుతుందన్నది ఇక చూడాలి. దానికి ధర్మపురిని మించిన చోటు నాకు కనిపించలేదు.

ధర్మపురి అనగానే మనవాళ్లకు గోదావరి ఒడ్డున ఉన్న నరసింహస్వామి క్షేత్రం గుర్తొస్తుంది. ఇది అది కాదు. బెంగళూరు నుంచి సేలం వెళ్లే దారిలో హోసూరు, కృష్ణగిరి దాటాక వచ్చే మెట్ట ప్రాంతపు ఊరు. సంగం కాలంలో దీని పేరు తగడూరు, అదియమాన్ రాజుల రాజధాని. పడమటి అంచున హొగెనకల్ దగ్గర కావేరి రాళ్ల మీంచి దూకుతుంది. జిల్లాలో బావులూ బోర్లూ మాత్రం నల్లగొండ బావుల్లాగే ఫ్లోరైడ్ నీళ్లు తాగించాయి. 1965 అక్టోబరు 2న సేలం నుంచి విడదీసి జిల్లా చేశారు. 2004లో కృష్ణగిరి, హోసూరు వైపు భాగం మరో జిల్లాగా వెళ్లిపోయింది. అప్పటిదాకా ధర్మపురి జిల్లా అంటే సంతలో తమిళంతో పాటు తెలుగూ కన్నడమూ వినిపించే జిల్లా. రాజాజీ పుట్టిన తొరపల్లి కూడా హోసూరు పక్కదే.

ఓటు కథలోకి ఈ ప్రాంతం చాలా ముందే వచ్చింది, ఒక తెల్లదొర చేతి మీదుగా. 1792లో టిప్పు సుల్తాన్‌తో సంధి కుదిరి, ధర్మపురి ఉన్న బారామహల్ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ వశమైంది. శిస్తు లెక్కలు కట్టడానికి కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ వచ్చాడు. ఆయన కింద పనిచేసిన సహాయకుల్లో ఒకడు థామస్ మన్రో. తిరుమలలో గంగాళానికి పేరున్న మన్రో, రాయలసీమలో పిల్లలకు పేరు పెట్టుకునేంతగా జనం తలచుకున్న మన్రో, ఈయనే. కడప, బళ్లారి ఆయన తర్వాతి మజిలీలు. పని నేర్చుకున్నది ధర్మపురిలో. 1799 దాకా ఇక్కడే ఉన్నాడు. జమీందారును మధ్యన పెట్టకుండా రైతు పేరనే పట్టా రాసి, రైతు దగ్గరే శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతి రూపు దిద్దుకున్నది ఈ మెట్ట భూముల మీదే.

పట్టాకీ ఓటుకీ ఏం సంబంధమంటారా? 1919 చట్టం కింద మద్రాసు శాసనమండలికి ఎన్నికలు పెట్టినప్పుడు పల్లెల్లో ఓటరు ఎవరో తేల్చింది ఆ పట్టానే. ఏడాదికి కనీసం పది రూపాయల విలువ చేసే భూమి ఉన్నవాడు ఓటరు. 1920లో మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో జనం నాలుగు కోట్ల పైమాట, ఓటర్లు పన్నెండున్నర లక్షలు. నూటికి ముగ్గురు! మన్రో సాగు లెక్కకోసం రాయించిన కాగితం నూట పాతికేళ్ల తర్వాత పౌరుడికీ కానివాడికీ మధ్య గీత అయింది. ఆడవాళ్లకు ఓటివ్వడంలో మద్రాసు 1921లోనే మిగతా రాష్ట్రాల కన్నా ముందడుగు వేసింది గానీ, ఆ గీత ఆడవాళ్లకూ వర్తించింది. ఆస్తి లేని ఆడమనిషి ఓటరు కాలేదు.

1937లో ఓటర్లు పెరిగారు. చదువురాని వాళ్ల కోసం మద్రాసు రాష్ట్రంలో రంగు పెట్టెలు వచ్చాయి. కాంగ్రెసుది పసుపు పెట్టె. 'పసుపు పెట్టెలో వెయ్యండి' అన్న మాటే ప్రచారమంతా. ఆ పసుపు గాలిలోనే బొబ్బిలి రాజా అంతటివాడు సొంత గడ్డ మీద వి.వి. గిరి చేతిలో ఓడిపోయాడు. గిరి పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

ఇక 1952. వయోజనులందరికీ ఓటు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఇనప పెట్టె, దానిమీద అతికించిన గుర్తు. ఓటరు చేతికి రూపాయి నోటంత కాగితం ఇచ్చేవారు. తెర చాటుకు వెళ్లి, వరసగా పెట్టిన పెట్టెల్లో తనకు నచ్చిన గుర్తున్న దాంట్లో ఆ కాగితం వెయ్యాలి. ముద్ర లేదు, గీత లేదు. మద్రాసు శాసనసభలో 375 స్థానాలుంటే కాంగ్రెసు 152 దగ్గర ఆగిపోయింది. ప్రకాశం పంతులు నాయకత్వాన ప్రతిపక్షాలన్నీ ఒక్కటై మేం సర్కారు నిలబెడతాం అంటుంటే, గవర్నరు శ్రీప్రకాశ ఎక్కడా పోటీ చెయ్యని రాజాజీని మండలికి నామినేట్ చేసి ముఖ్యమంత్రిని చేశారు. ఆ కథ ఇంతకుముందే చెప్పుకున్నాం. అప్పుడు వదిలేసిన ముక్క ఒకటుంది. తమిళనాడు ఉత్తర జిల్లాల్లో సంఖ్యాబలమున్న వన్నియర్లు రెండు పార్టీలు పెట్టుకుని పోటీ చేశారు. రామస్వామి పడయాచ్చి నడిపిన టాయిలర్స్ పార్టీకి 19 సీట్లు, మాణిక్యవేలు నాయకర్ నడిపిన కామన్‌వీల్ పార్టీకి 6. బలం చాలని రాజాజీకి ఆ పాతిక మందీ బంగారమయ్యారు. నాయకర్‌కు మంత్రి పదవి దక్కింది. 1954లో కామరాజ్ వచ్చాక పడయాచ్చికీ దక్కింది. రెండు పార్టీలూ కాంగ్రెసులో కలిసిపోయాయి. పార్టీలు పోయినా, పట్టు ఉన్న చోట చిన్న గుంపు సైతం పెద్ద బేరం ఆడొచ్చన్న పాఠం ఆ జిల్లాల్లో నిలిచిపోయింది.

ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ పాఠాన్ని డాక్టర్ ఎస్. రామదాస్ తిరగదోడారు. 1987 సెప్టెంబరులో రిజర్వేషన్ కోసం ఆయన నడిపిన వన్నియర్ సంఘం వారం రోజులు రోడ్లు దిగ్బంధం చేసింది. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1989లో కరుణానిధి ప్రభుత్వం అత్యంత వెనకబడిన కులాలకు 20 శాతం కోటా ఇచ్చింది. అదే ఏడాది జులై 16న పీఎంకే పుట్టింది.

ఇక్కడి నుంచి లెక్కలు కొంచెం ఓపిగ్గా చూడాలి.

1989 నవంబరు లోక్‌సభ ఎన్నికల్లో పీఎంకే ఒంటరిగా దిగి రాష్ట్రంలో దాదాపు 6 శాతం ఓట్లు తెచ్చుకుంది. సీట్లు సున్న. 1991లో ఐదు శాతం పైన. సున్న. 1998లో జయలలితతో పొత్తు. నాలుగు సీట్లు, అందులో ధర్మపురి ఒకటి. 1999లో కరుణానిధి వైపు మారారు. ఐదు సీట్లు, ధర్మపురి మళ్లీ వాళ్లదే. 2004లో డీఎంకే, కాంగ్రెసులతో కలిసి తమిళనాడులో ఐదు. అందులోనూ ధర్మపురి ఉంది. 2009లో జయలలిత వైపు దూకారు. సున్న. 2014లో బీజేపీతో ఒకటి. 2019లో సున్న. 2024లో సున్న.

ఆరు శాతం అటూ ఇటూ బలమున్న పార్టీకి 39 సీట్లలో న్యాయంగా వచ్చేవి ఎన్ని? రెండు. ముప్ఫై అయిదేళ్లలో పీఎంకేకి సున్న వచ్చింది, ఒకటి వచ్చింది, నాలుగు వచ్చాయి, ఐదు వచ్చాయి. రెండు మాత్రం ఒక్కసారీ రాలేదు.

పొత్తు ఉన్న ఏళ్లలో వచ్చిన శాతంలో మిత్రపక్షం ఓట్లూ కలిసి ఉంటాయి, పీఎంకే ఓట్లూ మిత్రపక్షం ఖాతాలోకి పోతాయి. కనుక అసలు బలం ఒంటరిగా దిగిన ఏడాదే తెలుస్తుంది. 2016 శాసనసభ ఎన్నికల్లో పీఎంకే దాదాపు రాష్ట్రమంతా ఒంటరిగా పోటీ చేసింది. అన్బుమణి తానే ముఖ్యమంత్రి అభ్యర్థినంటూ ధర్మపురి జిల్లాలోని పెన్నాగరంలో నిలబడ్డారు. పార్టీకి దాదాపు 23 లక్షల ఓట్లు, 5.3 శాతం. సీటు ఒక్కటీ లేదు. పెన్నాగరంలోనే ఆయన రెండో స్థానానికి పోయారు. ఇదే పెన్నాగరంలో 2010 ఉప ఎన్నికలో పీఎంకే రెండో స్థానంలో నిలిస్తే అన్నాడీఎంకేకి డిపాజిట్ గల్లంతైంది. ఊళ్లో బలం అలాంటిది. రాష్ట్రంలో చెల్లుబాటు ఇలాంటిది.

రాష్ట్రంలో 5 శాతం మంది ఏమనుకుంటున్నారో చట్టసభలో వినిపించాలా వద్దా అన్నది ఆ 5 శాతం చేతిలో లేదు. ఓట్లు పడకముందే, ఏ హోటల్ గదిలోనో, ఏ పెద్ద పార్టీ ఆఫీసులోనో జరిగే సీట్ల సర్దుబాటు చర్చలో తేలిపోతుంది. ఏడు కావాలి, ఆరు తీసుకో, పైన ఒక రాజ్యసభ సీటు ఇస్తాం అన్న బేరంలో తేలిపోతుంది. నా మాట కటువుగా ఉంటే ఉండనీ. పొత్తు అనేది మనం దొంగచాటుగా పాటిస్తున్న దామాషా పద్ధతి, అంటే ఓట్ల మేరకు సీట్లు పంచే పద్ధతి. ఓట్ల లెక్కింపు చెయ్యాల్సిన పనిని నాయకులు తలుపులు వేసుకుని చేస్తున్నారు. ఓటరు దానికి సాక్షి కూడా కాదు.

రాజ్యసభ ముక్క నేను ఊరికే అనలేదు. 2019 మేలో ధర్మపురిలో డీఎంకే అభ్యర్థి సెంథిల్‌కుమార్ చేతిలో ఓడిన అన్బుమణి, జులైలో అన్నాడీఎంకే మద్దతుతో రాజ్యసభకు వెళ్లారు. అప్పటికి అక్కడి శాసనసభలో పీఎంకేకి ఒక్క ఎమ్మెల్యే లేడు. ఇందులో అక్రమం ఏమీ లేదు, పొత్తు ఒప్పందం ప్రకారం జరిగింది. నన్ను ఆపింది ఇంకొకటి. రాజ్యసభ ఎన్నిక దామాషా పద్ధతిలో, ఓటరు వరసగా ప్రాధాన్యాలు చెప్పే ఒకే బదిలీ ఓటుతో జరుగుతుంది. రాష్ట్రపతి ఎన్నిక బదిలీ ఓటుతోనే. మన రాజ్యాంగ సభ సభ్యులనే 1946లో రాష్ట్ర శాసనసభలు బదిలీ ఓటుతో ఎన్నుకున్నాయి. నాయకులు నాయకుల్ని ఎన్నుకునే చోటల్లా ఓటు వృథా కాకూడదన్న జాగ్రత్త ఉంది. జనం ఎన్నుకునే చోటే లేదు.

ఆ జాగ్రత్త విలువ తెలిసిన మనిషి వి.వి. గిరి. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానానికి ఇద్దరు సభ్యులు, అందులో ఒకటి గిరిజనులకు రిజర్వు. ఓటరుకు రెండు ఓట్లు, రెండూ ఒకే పెట్టెలో వెయ్యకూడదు. లెక్కించి చూస్తే మొదటి రెండు స్థానాల్లోనూ గిరిజన అభ్యర్థులే నిలిచారు. బిడ్డిక సత్యనారాయణకు రిజర్వుడు సీటు, డిప్పల సూరిదొరకు జనరల్ సీటు. కేంద్రమంత్రిగా చేసిన గిరి ఆరు వందల లోపు తేడాతో మూడో స్థానం. గిరిజనుడు జనరల్ సీటుకు ఎలా అర్హుడంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1959లో కోర్టు సూరిదొర ఎన్నికే చెల్లుతుందని తేల్చింది. రెండేళ్లకు పార్లమెంటు ద్విసభ్య స్థానాలనే రద్దు చేసింది. గిరిజనుడు జనరల్ సీటు గెలవగల పద్ధతి అలా పోయిందని నాకు ఇప్పటికీ చింత. పార్వతీపురం ఓటమికి పన్నెండేళ్లు గడిచాయి. 1969 రాష్ట్రపతి ఎన్నికలో ఇద్దరు తెలుగువాళ్లు తలపడ్డారు. మొదటి లెక్కింపులో గిరికి 4,01,515 ఓట్ల విలువ, నీలం సంజీవరెడ్డికి 3,13,548. సగం దాటడానికి గిరికి చాల్లేదు. అందరికన్నా ముందున్నవాడే విజేత అనే పద్ధతైతే గిరి అక్కడే గెలిచేవాడు. కానీ సగం మంది కన్నా ఎక్కువ ఆమోదం కావాలన్నది అక్కడి నియమం. వెనకబడ్డ అభ్యర్థుల్ని ఒక్కొక్కరినే తప్పిస్తూ రెండో ప్రాధాన్య ఓట్లు కలుపుతూ పోతే సంజీవరెడ్డి దాదాపు పట్టుకున్నంత పని చేశారు. చివరికి గిరి 4,20,077, రెడ్డి 4,05,427. ఇప్పుడా గెలుపును ఎవరూ వేలెత్తి చూపలేరు.

ధర్మపురిలో 2024లో గెలిచిన డీఎంకే అభ్యర్థి ఎ. మణికి సుమారు 4 లక్షల 32 వేల ఓట్లు వచ్చాయి. పీఎంకే తరఫున నిలబడ్డ సౌమ్య అన్బుమణికి 4 లక్షల 11 వేలు. అన్నాడీఎంకేకి 2 లక్షల 93 వేలు. సౌమ్య తొలి రౌండ్లలో ముందున్నారు, చివరికి 21 వేల తేడాతో వెనకబడ్డారు. పాలక్కోడు, పెన్నాగరం, ధర్మపురి, పాప్పిరెడ్డిపట్టి, హరూర్, మేట్టూరు అన్నీ కలిపి చూస్తే విజేతకు పడ్డది మూడో వంతుకు కాస్త ఎక్కువ. మిగతా ఓట్లన్నీ ఆయనకు వ్యతిరేకమని అనను. మూడో స్థానంలో ఉన్న పార్టీ ఓటర్లకు రెండో ప్రాధాన్యం ఎవరో మనం అడగలేదు, అంతే. అడిగి ఉంటే మణే మరింత బలంగా గెలిచేవాడేమో, సౌమ్య గెలిచేదేమో.

తెలుగునాట ఇది కొత్తేం కాదు. 1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికల భాగంలో చూశాం. కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు, 196లో 15 సీట్లు. మూడేళ్ల ముందు అంతకన్నా తక్కువ ఓట్లతో ఆంధ్ర జిల్లాల్లో 41 మంది గెలిచారు. ఓట్లు పెరిగాయి, సీట్లు మూడో వంతుకు పడిపోయాయి. 1984లో దేశమంతా కలిపి బీజేపీకి 7 శాతం పైన ఓట్లొస్తే రెండు సీట్లు, అందులో ఒకటి మన హనుమకొండ. దాదాపు 4 శాతంతో తెలుగుదేశానికి 30. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 39 శాతం తెచ్చుకున్న తెలుగుదేశానికి 175లో 23 సీట్లు. 2024లో అదే 39 శాతం తెచ్చుకున్న వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11. పార్టీ జెండా రంగు మారింది, లెక్క మారలేదు. ఇవాళ నవ్వేవాడు రేపు ఏడుస్తాడు కాబట్టి సరిపోతుందిలే అంటారు కొందరు. పార్టీలకు సరిపోతుందేమో! రెండు సార్లూ ఆ 39 శాతంలో ఉన్న ఓటరు గోడు శాసనసభలో వినిపించే గొంతులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

రాజ్యాంగ నిర్మాతలకు ఇదంతా తెలియదా? తెలుసు. 1949 జనవరిలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ లోక్‌సభకు దామాషా తరహా ఓటింగ్ కావాలని సవరణ పెట్టారు. అంబేడ్కర్ రెండు కారణాలతో కాదన్నారు. ఒకటి, ఆ పద్ధతికి విస్తారమైన అక్షరాస్యత కావాలి. రెండు, సభ ముక్కలైతే ప్రభుత్వాలు నిలవవు. దేశ విభజన నెత్తురు ఆరని రోజులు. మతానికో నియోజకవర్గమన్న పాత పద్ధతి ఏం చేసిందో కళ్లముందుంది. 1951 జనగణనలో అక్షరాస్యత 18 శాతం. ఆ రోజున ఆయన మాటే సరి. కానీ అది ఆ రోజు మాట. ఇవాళ యంత్రం మీద బొత్తాం నొక్కడం పెన్నాగరం కొండవాడల ముసలమ్మకూ తెలుసు. స్థిరత్వం సంగతికొస్తే, 1989 నుంచి 2014 దాకా ఇప్పుడున్న పద్ధతిలోనే ఏ పార్టీకీ సొంతంగా మెజారిటీ రాలేదు. సంకీర్ణాలు తప్పలేదు, వాటితోనే దేశం నడిచింది.

పక్కనే శ్రీలంక చూడండి. 1977లో జయవర్ధనే పార్టీ యూఎన్‌పీకి సగం పైన ఓట్లు, 168లో 140 సీట్లు. దాదాపు 30 శాతం తెచ్చుకున్న సిరిమావో పార్టీకి 8. ఏడు శాతం లోపు ఓట్లున్న తమిళ కూటమికి 18, ఎందుకంటే వాళ్ల ఓట్లన్నీ ఉత్తరాన తూర్పున పోగుపడి ఉన్నాయి. ప్రతిపక్ష నాయకుడయ్యింది ఆ కూటమి నేత అమిర్తలింగం. మరుసటి ఏడాదే జయవర్ధనే కొత్త రాజ్యాంగంలో దామాషా పెట్టాడు. ఆయన ఉద్దేశం పుణ్యం కాదు, తనకు దొరికినంత మెజారిటీ రేపు ఇంకొకరికి దొరక్కూడదన్న ముందుచూపు. మంచి పద్ధతులు ఒక్కోసారి అలాంటి బుద్ధితోనే వస్తాయి. న్యూజిలాండ్‌లో మరీ విడ్డూరం. 1978, 1981 ఎన్నికల్లో లేబర్ పార్టీకి ఎక్కువ ఓట్లొచ్చినా ప్రత్యర్థులే గద్దెనెక్కారు. కమిషన్ వేశారు, మిశ్రమ పద్ధతి మేలని అది 1986లో తేల్చింది. నివేదిక అటకెక్కబోతుంటే 1987లో ప్రధాని లాంగే టీవీ చర్చలో తన కాగితం తప్పుగా చదివి, దీనిమీద ప్రజాభిప్రాయ సేకరణ పెడతామని మాటిచ్చేశాడు. 1993లో జనం 54 శాతంతో అవునన్నారు. 1996 నుంచి అక్కడ ఓటరుకు రెండు ఓట్లు, ఒకటి ఊరి అభ్యర్థికి, రెండోది పార్టీకి. స్థానిక స్థానాల్లో నష్టపోయిన పార్టీకి జాబితా నుంచి మనుషుల్ని కలిపి సభను ఓట్ల లెక్కకు దగ్గర చేస్తారు.

మన దగ్గరా మిశ్రమ పద్ధతి చెప్పిన కాగితం ఉంది. తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి నేతృత్వంలోని లా కమిషన్ 1999 మేలో ఇచ్చిన 170వ నివేదిక అది. ఉన్న స్థానాలు ఉన్నట్టే ఉంచి, లోక్‌సభకు నాలుగో వంతు సీట్లు కొత్తగా చేర్చి, వాటిని పార్టీల జాబితాల నుంచి ఓట్ల దామాషాలో నింపమంది. ఊరికి ఎంపీ ఉంటాడు, ఊరూరా చెల్లాచెదురైన ఓటుకూ గొంతు ఉంటుంది. హైదరాబాదు నుంచి జయప్రకాశ్ నారాయణ లోక్‌సత్తా తరఫున ఏళ్ల తరబడి దామాషా కావాలని చెబుతూ వచ్చారు. 2015లో మరో లా కమిషన్ 255వ నివేదికలో మిశ్రమ పద్ధతి పరిశీలించదగ్గదేనంది. నివేదికలకేం, బీరువాల్లో భద్రంగా ఉన్నాయి.

అభ్యంతరాలు లేవా? ఉన్నాయి, ధర్మపురి గడ్డ మీదే ఉన్నాయి. 2012 నవంబరు 7న నాయకన్‌కొట్టాయ్ దగ్గర మూడు దళిత వాడల మీద పడి రెండు వందలకు పైగా ఇళ్లు తగలబెట్టారు. ఒక కులాంతర వివాహం సాకు. ఏడాదిన్నర తర్వాత పీఎంకే ఇక్కడ గెలిచింది. కులం పేరున ఓట్లు పోగుచేసే పార్టీకి న్యాయంగా సీటు ఇవ్వడమంటే దాన్ని పెంచి పోషించడం కాదా అని అడిగేవాళ్లున్నారు. నాకు తోచినది ఇది. ఒక కులం ఒకే చోట గుమికూడిన నియోజకవర్గంలో అందరికన్నా ముందున్నవాడిదే గెలుపంటే, ఆ కులాన్ని రెచ్చగొట్టడానికి అంతకన్నా ప్రోత్సాహం ఏముంటుంది? నష్టపోయేది ప్రతి ఊళ్లోనూ ఉంటూ ఏ ఊళ్లోనూ మెజారిటీ కాని దళితుడు. దళితుల గొంతుగా నిలిచిన తిరుమావళవన్ పార్టీ అయినా లోక్‌సభలో రెండు సీట్లు తెచ్చుకుందంటే డీఎంకే పొత్తులో తెచ్చుకున్నదే. జాబితా సీట్లలో వాళ్ల ఓటు రాష్ట్రమంతటా కూడుతుంది.

ఊరి నియోజకవర్గాన్ని పూర్తిగా ఎత్తెయ్యమనే వాళ్లతో మాత్రం నేను లేను. 2024 జూన్‌లో కృష్ణగిరి ఎంపీ కె. గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేశారు. తమిళనాడు సభ్యుడు తెలుగులోనా అని చాలామంది తల తిప్పి చూశారు. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగువాళ్లు ఒక చోట పట్టుగా ఉన్నారు కాబట్టి ఆ గొంతు అక్కడికి వెళ్లింది. మదురై, కోయంబత్తూరు వైపు పల్లెపల్లెనా పదిళ్లు చొప్పున చెదిరి ఉన్న తెలుగువాళ్లకు ఆ భాగ్యం లేదు. మిశ్రమ పద్ధతి ఈ ఇద్దరికీ పనికొచ్చేది.

జాబితా సీట్లలో పేర్లు రాసేది అధినేతే కదా, కొడుకూ కోడలూ పైన ఉంటారు కదా అంటే, నిజమే. ఇప్పుడు టికెట్లు ఇచ్చేది ఎవరంట? ఓటరే జాబితాలో పేరు ఎంచుకునే వీలు పెట్టొచ్చు, చాలా దేశాల్లో ఉంది. 5 శాతం రాని పార్టీకి సీట్లు వద్దని జర్మనీలో గీత గీశారు. దాన్ని మనం దేశం మొత్తానికి గీస్తే డీఎంకే, తెలుగుదేశం కూడా గీత కింద మునుగుతాయి. గీయాలంటే రాష్ట్రానికో గీత గీయాలి.

ఈ మాట ఇప్పుడు ఎత్తడానికి కారణం ఉంది. లోక్‌సభ సీట్ల పంపకం 1971 జనాభా లెక్క దగ్గర ఆగిపోయి ఉంది. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా దాన్ని కదపకూడదని 84వ రాజ్యాంగ సవరణ చెబుతుంది. కదిపితే దక్షిణాది వాటా తగ్గుతుందని భయం. భయం ఊరికే పుట్టలేదు. 1967లో మద్రాసు రాష్ట్రం సీట్లు 41 నుంచి 39కి, ఆంధ్రప్రదేశ్‌వి 43 నుంచి 41కి తగ్గాయి. కొత్త పార్లమెంటు భవనంలో లోక్‌సభకు 888 కుర్చీలు వేసి ఉంచారు. వాటిని నియోజకవర్గాలు చీల్చి నింపితే 39 చోట్ల జరిగే అన్యాయం ఇంకొన్ని చోట్ల జరుగుతుంది, అంతకు మించి ఏమీ కాదు. ఇప్పుడున్న వాటాల ప్రకారమే ప్రతి రాష్ట్రానికీ నాలుగో వంతు కలిపి, ఆ కొత్తవి దామాషాకు వదిలితే తమిళనాడుకు పది, ఆంధ్రకు ఆరు, తెలంగాణకు నాలుగు అదనంగా వస్తాయి. రాష్ట్రాల వాటా చెక్కుచెదరదు. న్యూజిలాండ్ లెక్కన చూస్తే 2024లో 39కి 39 డీఎంకే కూటమి ఊడ్చుకుపోయిన చోట ఆ పదీ అన్నాడీఎంకే, బీజేపీ, నామ్ తమిళర్, పీఎంకేల మధ్యే పంపకమయ్యేవి. ఆంధ్రలో అదే ఏడాది 39 శాతం పైన ఓట్లతో 25లో 4 సీట్ల దగ్గర ఆగిన పార్టీకి ఆ ఆరులో సింహభాగం వచ్చేది. 2019లో 3 దగ్గర ఆగిన తెలుగుదేశానికీ అలాగే వచ్చేది.

దీనికి రాజ్యాంగ సవరణ తప్పదు. లోక్‌సభ సభ్యులు ప్రాదేశిక నియోజకవర్గాల నుంచే నేరుగా ఎన్నిక కావాలని 81వ అధికరణ అంటోంది. కానీ ఒకే సీటున్న చోట ఓటరు ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యం చెప్పే పద్ధతికి రాజ్యాంగం అడ్డు రాదు. ఓటు ఎలా వెయ్యాలి, ఎలా లెక్కించాలి అన్నది 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోనూ దాని నియమాల్లోనూ ఉంది. మామూలు మెజారిటీతో పార్లమెంటు మార్చుకోవచ్చు. ధర్మపురిలో మూడో స్థానం వచ్చిన పార్టీకి ఓటేసిన 2 లక్షల 93 వేల మందిని మీ రెండో మాట ఏమిటని అడగడానికి అంత చట్టం చాలు.

(వచ్చే వారం: 1996 నల్లగొండ. ఫ్లోరైడ్ నీళ్ల గోడు వినిపించడానికి 480 మంది పోటీకి దిగిన లోక్‌సభ ఎన్నిక, పుస్తకమంత బ్యాలెట్, ఆ తర్వాత పెరిగిన డిపాజిట్.)